కందుల ధర నుంచి వ్యాసం దాకా

నారాయణపేట జిల్లా కోస్గి వంటి ఊళ్లలో ఇంగ్లీషు ఇంట్లో గాని అంగడిలో గాని వినిపించే భాష కాదు కనుక, 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం మొదలైన తరువాత కూడా, ఆ భాషలో వ్యాసమంటే గైడులోనిది బట్టీపట్టి పరీక్షలో దించడమేనన్న భావం విద్యార్థుల్లో తేలిగ్గా నిలిచిపోతుంది. దాన్ని వదిలించగల సాధనాల్లో జర్నల్ రచన, అంటే చూసినదాన్నీ విన్నదాన్నీ దానిపై కలిగిన ఆలోచననూ రోజూ పది నిమిషాలు సొంత మాటల్లో రాసుకోవడం, మేలైనది.

తెలుగువారికి ఇది కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో కాశీయాత్ర చేస్తూ, కృష్ణ దాటి పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు చేరిన ప్రయాణంతో సహా రాసుకున్న దినచర్య 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది, దారులనూ జనుల తీరునూ చెబుతూనే తన అభిప్రాయాలనూ కలుపుకుపోవడం వల్ల, అందులో చాలాచోట్ల దినచర్యే వ్యాసంగా సాగుతుంది.

తరగతి గదికి బాగా ఒదిగేది సంభాషణ జర్నల్. అమెరికాలో జానా స్టేటన్, జాయ్ క్రీఫ్ట్ పేటన్ వంటివారు 1980లలో పరిశోధించిన ఈ పద్ధతిలో టీచరు ఎర్రసిరాతో తప్పులు దిద్దకుండా, విద్యార్థి చెప్పిన విషయానికే జవాబు రాస్తారు. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి, ‘నిన్న మా నాయిన కందులు అమ్మిండు’ అని మనసులో అనుకున్న పిల్ల ‘యెస్టర్డే మై ఫాదర్ రెడ్ గ్రామ్ సెల్’ అని రాస్తుంది. దాని కింద టీచరు ‘వెన్ యువర్ ఫాదర్ సోల్డ్ ది రెడ్ గ్రామ్, వాట్ ప్రైస్ డిడ్ హి గెట్?’ అని అడిగితే, సరైన క్రియారూపమూ పదాల వరుసా ఆ ప్రశ్నలోనే కంటబడతాయి, పైగా తన మాట ఒకరు చదివి పట్టించుకున్నారన్న ధైర్యం పిల్లకు కలుగుతుంది. ఆ ధైర్యం లేనిదే రాత సాగదు.

అయితే జర్నల్ ఎంత రాసినా దానంతట అది వ్యాసం కాదు, ఈ సంగతి మరచిన చోట ఆ నోటుబుక్కు ‘లేచాను, తిన్నాను, పడుకున్నాను’ దగ్గరే ఆగిపోతుంది. అందుకే రెండు వారాలకొకసారి విద్యార్థే ఒక పేజీ ఎంచుకుని దాన్ని పెంచాలి: ఆ పిల్ల ధర తక్కువ వచ్చిందని రాసి ఉంటే, కందులకు ధర ఎందుకు తగ్గింది, గింజలో తేమ ఉందన్నారా, అప్పు తీర్చాల్సి ఉండి ఆరేదాకా ఆగలేకపోయారా, కొనేవాడి వాదన ఏమిటి అన్న ప్రశ్నలకు ఒక్కో పేరా జవాబుగా రాసి, ఒక రోజు జరిగినదాని నుంచి ఏటా జరిగేదానికి, భూతకాలం నుంచి వర్తమానానికి వాక్యాలను మార్చుకోవాలి. ఎర్రసిరా రావలసింది ఈ దశలోనే. రోజువారీ జర్నళ్ల విషయానికొస్తే, నలభై మంది ఉన్న తరగతిలో రోజుకు ఎనిమిది పుస్తకాల చొప్పున చూస్తే అయిదు రోజుల్లో అందరికీ జవాబు అందుతుంది. ఇంటి గుట్టు రాసుకున్న పేజీని మడిచి ఇస్తే మాత్రం టీచరు దాన్ని విప్పకూడదు.