విప్పి మళ్లీ అల్లుకునే హక్కు

ఈ వారం హిందూపురంలో ధర్మవరం రైలెక్కాను. ఎదుటి సీట్లో ఒక అమ్మాయి రెండు సూదులతో ఊలు మఫ్లర్ అల్లుతోంది. బెంగళూరులో ఉద్యోగమట. "దారం వడకడం కూడా నేర్చుకుంటున్నా సార్, మనసు కుదుటపడుతుంది" అంది. ఆ మాట నాకు రుచించలేదు. పెనుకొండ దాటేదాకా లోలోపల వాదించుకుంటూనే ఉన్నాను.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టుదల తెలిసిందే: చేతిపనిని పొగిడేముందు ఆ చేతికి ఎంత కూలి ముట్టిందో అడగాలి. మన సీమలో మనశ్శాంతి కోసం వడికినవాళ్లను నేను చూడలేదు. మా పక్కింటి కురుబల జేజి గుర్తొచ్చింది. గొర్రెల ఉన్ని ఏకి, రాట్నం మీద వడికేది. దక్కనీ గొర్రె ఉన్ని ముతక, మెరినోలా ఒంటికి మెత్తగా తగలదు. కంబళికి ఆ ముతకదనమే బలం. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, ఆరబెట్టి, గుంతమగ్గం మీద నేసేవాళ్లు. కాపరికి వానలో కప్పుకోవడానికీ, రాత్రి పరుచుకోవడానికీ అదే. దారం తెగితే జేజి రెండు కొసలూ తడిపి అరచేతుల మధ్య నలిపేది, అతుక్కునేవి. ఉన్నిపోగు మీది సన్నటి పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయని చాలా ఏళ్లకు చదివాను. జేజికి చదవకుండానే తెలుసు. మిల్లు దుప్పట్లు చవగ్గా వచ్చాక ఆ రాట్నం అటకెక్కింది.

పట్టుకు ఆ పట్టు ఉండదు, జారిపోతుంది. హిందూపురం మార్కెట్లో వేలానికొచ్చే గూడు ఒక్కోటీ ఒకే పోగు. మంచి బైవోల్టిన్ గూడులో ఆ పోగు కిలోమీటరు దాకా సాగుతుంది. వేడినీళ్లలో కొసలు దొరకబుచ్చుకుని, కొన్ని గూళ్ల పోగులు కలిపి తీస్తేగానీ దారం కాదు. ఆపైన పురి పెట్టాలి, రంగు వేయాలి, కండెలు చుట్టాలి. ధర్మవరం మగ్గం మీద చీరలో తప్పు దొర్లితే ఆ నష్టం కూలి మీదే పడుతుంది. ఇంత కష్టాన్ని సరదా అనడమేమిటని తీర్మానించుకుని రైలు దిగాను.

సాయంత్రం తెలిసిన నేతపనివాళ్ల ఇంటికి వెళ్లాను. పగలంతా కండెలు చుట్టిన ఇంటావిడ మనవరాలికి ఊలు టోపీ అల్లుతోంది.

"పొద్దంతా దారంతోనే కదమ్మా, మళ్లీ ఇదేనా?" అన్నాను.

"అది షావుకారు దారం అన్నా. ఇది నాది. బాగలేకుంటే విప్పేస్తా, ఎవురూ అడగరు."

నా తీర్మానం అక్కడ వీగిపోయింది. అల్లికలో ఒక్క కొస లాగితే వరసలన్నీ ఊడి దారం తిరిగి ఉండకు చేరుతుంది. ఆ ధైర్యంతోనే చెయ్యి కొత్త డిజైను వెతుకుతుంది. విరూపణ్ణ, వీరణ్ణ కట్టించిన లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మలు చూడండి. ఆ బొమ్మల బట్టల మీద ఎన్ని డిజైన్లో! మాపి మళ్లీ గీసుకునే తీరిక లేని చేతికి అన్ని తడతాయా?

కూలి లెక్క అడగడం నేను మానను. ఆ లెక్కలో తీరికను కూడా కలపాలంటాను. సరదాగా వడకాలనుకునేవాళ్లు మన నల్ల ఉన్ని కొనండి, నేర్పే కురుబ ఇంటికి ఫీజిచ్చి నేర్చుకోండి. ఇక పట్టుచీర కూలి మాట్లాడేవాళ్లను నేను అడిగేది ఒకటే: నేసేవాళ్లకు అన్నం ఖర్చుతోపాటు సొంత దారం, సొంత సాయంత్రం కూడా దక్కేంత ఇవ్వండి.