విండోలు ఎవరు సర్దాలి?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇస్తున్న మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చక్కగా నడుస్తున్నా విండోస్ 11కి అర్హత లేని ల్యాప్‌టాప్‌లు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిలో లినక్స్ వేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ‘ఉబుంటునా, మింటా, ఫెడోరానా?’ అనే. నన్నడిగితే అంతకంటే ముందు తేల్చుకోవలసింది డెస్క్‌టాప్ సంగతి. పొద్దున్నుంచి రాత్రిదాకా కంటికి కనిపించేదీ, చేతికి తగిలేదీ అదే.

ఇన్ని రకాల డెస్క్‌టాప్‌లు ఎందుకున్నాయో తెలియాలంటే 1984కు వెళ్లాలి. అమెరికాలోని ఎంఐటీలో ఎక్స్ విండో సిస్టమ్ మొదలైంది అప్పుడే. తెర మీద గీయడం, కీబోర్డు, మౌస్ కదలికలను ప్రోగ్రాములకు అందించడం వరకే ఎక్స్ పని. విండోకి అంచు ఎలా ఉండాలి, ఏది పైన ఉండాలి, ఏది ఎక్కడికి జరగాలి అనేవి తేల్చేది విండో మేనేజర్ అనే వేరే ప్రోగ్రాము. అది నచ్చకపోతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు, మిగతావేవీ ముట్టుకోనక్కర్లేదు. వాడేవాడికి ఇంత చనువిచ్చిన ఏర్పాటు కంప్యూటర్ ప్రపంచంలో అరుదు.

దానివల్ల ఒక చిక్కు కూడా వచ్చింది. ఒక్కో ప్రోగ్రాముదీ ఒక్కో రూపం, ఒక్కో తీరు. అన్నీ ఒక తీరుగా ఉండే డెస్క్‌టాప్ కావాలంటూ జర్మనీ విద్యార్థి మథియాస్ ఎట్రిచ్ 1996లో కేడీఈకి పిలుపునిచ్చాడు. కేడీఈ ఆధారపడ్డ క్యూటీ లైబ్రరీ లైసెన్సు అప్పటికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చేది కాదు. అందుకే 1997లో మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమ్ మొదలుపెట్టారు. విండో మేనేజర్‌తో పాటు ప్యానెల్, ఫైల్ మేనేజర్, సెట్టింగ్‌లు, వైఫై, బ్యాటరీ, తెరకు తాళం అన్నీ కలిపి ఇచ్చేదే డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్.

కేడీఈ, గ్నోమ్‌ల స్వభావాలు వేరు. కేడీఈలో మార్చలేనిదంటూ దాదాపు ఉండదు, కొత్తవాళ్లు ఆ సెట్టింగ్‌లలోనే ఓ పూట గడిపేస్తారు. గ్నోమ్ తక్కువ చూపిస్తుంది, తన పద్ధతికి మనం అలవాటుపడాలంటుంది. 2011లో గ్నోమ్ 3 పాత రూపాన్ని వదిలేసినప్పుడు, దాన్నే అట్టిపెట్టుకోవాలనుకున్నవాళ్లు మేట్‌ని నిలబెట్టారు. లినక్స్ మింట్‌వాళ్లు సిన్నమన్ తయారుచేశారు. విండోస్ నుంచి వచ్చేవాళ్లకు సిన్నమన్ బాగా నప్పుతుంది. పాత యంత్రమైతే నా ఓటు ఎక్స్‌ఎఫ్‌సీఈకి. ఒలివియే ఫూర్డాన్ 1996లో ప్రారంభించిన ఈ డెస్క్‌టాప్ నెమ్మదిగా మారుతుంది, నేర్చుకున్న అలవాటును చెడగొట్టదు. అమ్మకో, తాతయ్యకో పెట్టి ఇవ్వడానికి ఇంతకంటే మంచి గుణం ఉండదు.

ఇక ఉత్త విండో మేనేజర్లు. ఓపెన్‌బాక్స్‌లో విండోలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, సర్దుకోవడం మన వంతు. ఐ3 దారి పూర్తిగా వేరు. 2009లో మైకేల్ స్టాపెల్‌బెర్గ్ మొదలుపెట్టిన ఇది, తెరిచిన ప్రతి విండోకీ చోటు తానే పంచుతుంది. ఒకటే ఉంటే తెరంతా దానిదే, రెండోది తెరిస్తే చెరిసగం. మాడ్‌గా మనం ఎంచుకున్న కీతో ఎంటర్ నొక్కితే టెర్మినల్ వస్తుంది, 2 నొక్కితే రెండో వర్క్‌స్పేస్‌కి వెళతాం, షిఫ్ట్ కూడా కలిపితే చేతిలో ఉన్న విండో అక్కడికి చేరుతుంది. బ్రౌజర్ ఎప్పుడూ 1లో, రాత 2లో, మెయిల్ 3లో అని నియమం పెట్టుకుంటే కొన్నాళ్లకు వెతుకులాట మానేస్తాం, వేలికే గుర్తుంటుంది. ఎడమవైపు మూలం, కుడివైపు తెలుగు పెట్టుకుని పనిచేసే అనువాదకులకు ఇది వరమే.

అయితే ఐ3 విండోలను మాత్రమే చూసుకుంటుంది. వైఫై ఆప్లెట్, నోటిఫికేషన్లు, వెలుతురు తగ్గించే మీటలు, తెర తాళం ఒక్కొక్కటిగా మనమే కాన్ఫిగ్ ఫైల్‌లో చూసుకోవాలి. తెలుగు టైపింగ్ కూడా అంతే. గ్నోమ్‌లో సెట్టింగ్‌లలోకి వెళ్లి తెలుగు కలుపుకుంటే చాలు. ఐ3లో ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లు ఎక్స్ కీబోర్డు లేఅవుట్‌తో నెట్టుకురావచ్చు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లు ఐబస్ లాంటి ఇన్‌పుట్ ప్రోగ్రాము లాగిన్‌తో పాటే మొదలయ్యేలా చూసుకోవాలి.

మన లిపికి సంబంధించిన ఇంకో మాట ఎవరూ ముందుగా చెప్పరు. డీడబ్ల్యూఎం అనే మరో విండో మేనేజర్ మూలకోడ్ దాదాపు రెండు వేల వరుసలకు మించకూడదన్నది దాన్ని రాసినవాళ్ల నియమం. చదివి అర్థం చేసుకోదగ్గ ఆ పొదుపంటే నాకెంతో గౌరవం. కానీ దాని పట్టీ మీద ఒత్తులూ గుణింతాలూ సరిగా కూర్చే పాంగో లాంటి లైబ్రరీ లేదు. విండో పేరు తెలుగులో ఉంటే అక్షరాలు విడివిడిగా చెదిరిపోతాయి. ఐ3 పాంగోను వాడుకోగలదు కాబట్టి అక్కడ తెలుగు తెలుగులా కనిపిస్తుంది. తెలుగులో పనిచేసేవాళ్లకు వందల ఎంబీల మెమరీ లెక్కలకన్నా ఇది ముఖ్యం.

ఆ లెక్కలనూ తీసిపారేయలేం. రెండు జీబీల యంత్రంలో తేలికపాటి ఏర్పాటు ప్రాణం పోస్తుంది. ఎనిమిది జీబీలుంటే మాత్రం మెమరీని తినేది డెస్క్‌టాప్ కాదు, తెరిచిపెట్టిన బ్రౌజర్ ట్యాబులే. అక్కడ ఐ3 ఎంచుకోవలసింది చేతికి వాటంగా ఉండటం కోసమే.

ఎక్స్ స్థానంలోకి ఇప్పుడు వేలాండ్ వస్తోంది. అందులో గీసే పనీ సర్దే పనీ ఒకే ప్రోగ్రాము చేస్తుంది కాబట్టి పాత విండో మేనేజర్లు నేరుగా నడవవు. ఐ3 వాడేవాళ్లకు అక్కడ స్వే ఉంది, పాత కాన్ఫిగ్ ఫైల్ చాలావరకు అలాగే పనికొస్తుంది. ఈ డెస్క్‌టాప్‌లూ విండో మేనేజర్లూ ఒకదాన్ని తీసేసి ఇంకోటి వేయాల్సినవీ కావు. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉన్న యంత్రంలోనే ఐ3 కూడా వేసుకుని, లాగిన్ తెర మీది సెషన్ జాబితాలో ఏ పూటకు ఏది కావాలో ఎంచుకోవచ్చు.