రూబీలో తప్పుకూ ఒక వంశముంది

జపాన్‌కు చెందిన యుకిహిరో మత్సుమొతో 1993లో మొదలుపెట్టి 1995లో విడుదల చేసిన రూబీ భాషలో అంకెలకు కూడా మెథడ్లుంటాయి. 5 పక్కన చుక్క పెట్టి టైమ్స్ అని రాస్తే, చెప్పిన పని అయిదుసార్లు జరుగుతుంది. స్ట్రింగ్, అరే, హ్యాష్ సంగతి సరే, 'ఏమీ లేదు' అని చెప్పే నిల్‌కు కూడా ఒక క్లాసుంది. స్మాల్‌టాక్ నుంచి అందుకున్న ఈ పద్ధతిని రూబీ తప్పుల దగ్గర కూడా వదల్లేదు. ఎర్రర్ అంటే స్క్రీన్ మీద పడే తిట్టు కాదు, అదీ ఒక ఆబ్జెక్టే.

నిల్‌కు అంకెను కూడబోతే నో మెథడ్ ఎర్రర్ వస్తుంది. దాని పై క్లాసు నేమ్ ఎర్రర్, ఆపైన స్టాండర్డ్ ఎర్రర్, అన్నిటికీ మూలం ఎక్సెప్షన్. ఈ వంశవృక్షం తెలియకపోతే ఇబ్బందే. క్లాసు పేరు చెప్పకుండా రెస్క్యూ అని రాస్తే అది స్టాండర్డ్ ఎర్రర్ సంతానాన్ని మాత్రమే పట్టుకుంటుంది. కంట్రోల్ సి నొక్కినప్పుడు పుట్టే ఇంటరప్ట్ ఆ శాఖలోది కాదు, ఎక్సెప్షన్ కిందే ఉన్న వేరే శాఖది. అందుకే అత్యుత్సాహంతో ఎక్సెప్షన్ మొత్తాన్ని రెస్క్యూ చేసి ఊరుకున్న లూపును కంట్రోల్ సి ఎన్నిసార్లు నొక్కినా ఆపలేం.

అసలు ప్రమాదం ఎర్రర్ రానిచోట ఉంది. స్ట్రింగ్‌ను అంకెగా మార్చే టు ఐ మహా మెతక మనిషి. '12 కిలోలు' ఇస్తే 12 అంటుంది, 'బియ్యం' ఇస్తే నోరెత్తకుండా 0 ఇస్తుంది. బిల్లులో ఆ సున్నా ఎక్కడిదో నెలాఖరుకు గానీ బయటపడదు. అదే పనికి ఇంటిజర్ అనే మెథడ్ వాడితే అక్కడికక్కడే ఆర్గ్యుమెంట్ ఎర్రర్ వస్తుంది. మనకు ఇంకో తమాషా ఉంది. తెలుగు అంకెల్లో ౧౨ అని ఇస్తే రూబీ టు ఐ దాన్నీ సున్నా చేస్తుంది. పైథాన్‌లో ఇంట్ మాత్రం చక్కగా 12 అని చదువుతుంది. ఈ విషయంలో నా ఓటు పైథాన్‌కే.

'తెలుగు' అనే మాట పొడవు అడిగితే రూబీ 6 అంటుంది, బైట్లు 18 అంటుంది. మన కంటికి కనిపించే మూడక్షరాలు కావాలంటే గ్రాఫీమ్ క్లస్టర్స్ అనే మెథడ్‌ను అడగాలి. రివర్స్ చేస్తే గుణింతపు గుర్తులు హల్లులను వదిలేసి ముందుకొచ్చి కూర్చుంటాయి. దీనికి ఏ ఎర్రరూ రాదు.

ఆశ్చర్యార్థకం తగిలించిన మెథడ్ల దగ్గర కొత్తవాళ్లు తరచు బోల్తా పడతారు. యూనిక్ నకళ్లు తీసేసిన ఒక కొత్త అరే ఇస్తుంది. ఆశ్చర్యార్థకం ఉన్న యూనిక్ ఉన్న అరేనే మార్చేస్తుంది, తీసేయడానికి నకళ్లు లేకపోతే నిల్ ఇస్తుంది. దాని వెనకాలే సైజ్ అని తగిలించారనుకోండి. జాబితాలో ఒక పేరు రెండుసార్లు ఉన్నంతకాలం ప్రోగ్రాం నడుస్తుంది. జాబితా శుభ్రంగా ఉన్నరోజు నో మెథడ్ ఎర్రర్‌తో కూలుతుంది! ఈ ఏర్పాటు రూబీ అభిమానులకు ముద్దే కావచ్చు, నాకు మాత్రం మింగుడుపడదు.

హ్యాష్‌లోనూ ఇదే వరస. చదరపు బ్రాకెట్లతో లేని కీ అడిగితే మామూలుగా నిల్ వస్తుంది. అది పది లైన్లు ప్రయాణించి ఇంకెక్కడో పేలుతుంది. ఫెచ్ అని అడిగితే కీ ఎర్రర్ అక్కడే వస్తుంది, ఏ కీ దొరకలేదో కూడా చెబుతుంది. 2015లో వచ్చిన రూబీ 2.3 నుంచి, స్పెల్లింగు తప్పితే 'మీరు అనుకున్నది ఇదేనా' అని సరైన పేరు సూచించే సదుపాయం కూడా భాషతోపాటే వస్తోంది.

రూబీ నేర్చుకుంటున్నవాళ్లు తప్పనిసరిగా ఉండాల్సిన విలువను ఫెచ్‌తో అడగండి, బయటినుంచి వచ్చే అంకెను ఇంటిజర్‌తో మార్చండి. రెస్క్యూ రాసేటప్పుడు మీరు ఎదురుచూస్తున్న ఎర్రర్ క్లాసు పేరు పక్కనే రాయండి. ఆ పేరు తోచకపోతే ఆ రెస్క్యూ అక్కడ అక్కర్లేదు, తీసేయండి.