బొమ్మను ఎంచుకునేదెవరు?

ఆడపిల్లకు లక్కపిడతలు, మగపిల్లవాడికి కారుబొమ్మ. మన కథల్లో ఈ పంపకం ప్రకృతి ధర్మంలా జరిగిపోతుంది. దీన్ని ఖండించే అభ్యుదయ రచయితలు ‘అంతా సమాజం నేర్పిందే’ అని తేల్చేస్తారు. నా దృష్టిలో రెండూ యాంత్రిక ధోరణులే.

2002లో అలెగ్జాండర్, హైన్స్ అనే పరిశోధకులు వర్వెట్ కోతుల ముందు ఆటవస్తువులుంచారు. మగకోతులు బంతితోనూ కారుతోనూ, ఆడకోతులు పిల్లబొమ్మతోనూ వంటగిన్నెతోనూ ఎక్కువసేపు గడిపాయి. కనుక జీవప్రకృతి ప్రస్తావనే వద్దనటం శాస్త్రీయం కాదు. అయితే కోతికి వంట తెలియదు. గిన్నెను వంటకూ, వంటను స్త్రీకీ ముడివేసింది మనిషే. 1978లో స్మిత్, లాయిడ్‌ల ప్రయోగంలో తల్లులు ఒక పరాయి పసిబిడ్డను దుస్తుల్ని బట్టి ఆడో మగో అనుకుని, అందుకు తగిన బొమ్మనే ముందుగా అందించారు. బిడ్డ ఇష్టం తెలియకముందే ఎంపిక జరిగిపోయిందన్నమాట.

ఈ రెండు వాదాలకూ అందనిది వర్గం. మా మొఘల్‌పురాకు దగ్గరలోనే లాడ్‌బజార్. అక్కడ అమ్మే లక్కగాజుల వెనుక పాతబస్తీ ఇళ్లలోని స్త్రీల శ్రమ ఉంది. తల్లి పక్కన కూర్చుని గాజుకు రాళ్లు అతికే పిల్లను ‘నీకే బొమ్మ ఇష్టం?’ అని అడిగేముందు, ఆడుకునే తీరిక ఉందా అని అడగాలి. ఏటికొప్పాక పిడతల్లో ఆటగా మారిన లక్క, ఆమె చేతిలో పని. ఈ తేడాను మన కథలు తగినంతగా పట్టించుకోలేదు.

గురజాడ పూర్ణమ్మను ‘పుత్తడి బొమ్మ’ అన్నాడు. డబ్బుకు ఆశపడి తల్లిదండ్రులు ముసలివాడికి కట్టబెట్టిన పిల్లే అక్కడ బొమ్మ. ఆ చూపు మనకు కావాలి. బొమ్మను వర్ణించి ఊరుకుంటే చాలదు. దాన్ని ఏ చెయ్యి అందించిందో, ఏ చేతికి అది అందలేదో రచయిత చూడాలి.