బఠానీ గింజంత పేస్టు

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో మే ఎండ ఒక్కోసారి 44 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు కంప్యూటర్ మొరాయిస్తే "పాతదైపోయింది, కొత్తది కొనండి" అనడం తేలిక. అలా అనకుండా ముందు హీట్‌సింక్ విప్పి చూసే మెకానిక్ అంటే నాకు గౌరవం. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపులకు వెళ్తే తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నున్నగా కనిపించే ప్రాసెసర్ లోహపు మూత, హీట్‌సింక్‌ల మధ్యా కంటికి ఆనని గుంతలుంటాయి. వాటిలోని గాలి వేడిని సరిగా దాటనివ్వదు, అందుకే వాటిని థర్మల్ పేస్టుతో నింపుతారు. ఎండి పెచ్చులుగట్టిన పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠానీ గింజంత కొత్తది పెట్టి, ఎదురెదురు మూలల స్క్రూలను కొద్దికొద్దిగా బిగించడంలోనే పనితనముంది. ఎక్కువ పూస్తే మేలనుకోవద్దు, లోహమంత బాగా పేస్టు వేడిని మోయలేదు.

ప్రాసెసర్ మూత కింది పేస్టూ మార్చాలిగా అంటారు కొందరు. 2012లో వచ్చిన ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్ డెస్క్‌టాప్ చిప్‌లలో లోపల సోల్డర్‌కు బదులు పేస్టే వాడిన మాట నిజం. కానీ మూత తెరిచేటప్పుడు బ్లేడు జారితే చిప్పే పోతుంది. ఆ మూత జోలికి పోకుండా, ఫ్యాన్ రెక్కలకు పట్టిన చెల్క దుమ్ము దులిపి ఇచ్చేవాణ్నే నేను నమ్ముతాను.