బొమ్మల పుస్తకంలో కథాగమనం: ‘ఏడు చేపల కథ’ పుటవిభజన - ఒక పరిశీలన

1. ప్రవేశిక

మౌఖిక కథలో వేగాన్ని నిర్ణయించేది చెప్పేవారి గొంతు. ప్రశ్న వేసి, ఒక్క క్షణం ఆగి, పిల్లల ముఖాలు చూసి, ఆ తరువాతే జవాబు చెప్పడం కథకుల నేర్పు. అదే కథ బొమ్మల పుస్తకమైనప్పుడు ఆ విరామం పుట తిప్పడంలోకి చేరాలి. తెలుగునాట తరతరాలుగా చెప్పుకుంటున్న ‘ఏడు చేపల కథ’ ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కథానిర్మాణం

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తేవడం, వాటిలో ఒకటి ఎండకపోవడం కథకు ఎత్తుగడ. ఆపైన నడిచేదంతా కారణాల గొలుసు. బహుళ ప్రచారంలో ఉన్న పాఠంలో చేప, గడ్డిమేటు, ఆవు, కాపరి, అవ్వ, పాప, చీమ వరుసగా ప్రశ్నలు ఎదుర్కొంటాయి. మొదటి ఆరు జవాబులూ తప్పును మరొకరి మీదికి నెడతాయి. చీమ ఒక్కటే తన పనిని ఒప్పుకొని సమర్థించుకుంటుంది. గొలుసు అక్కడ తెగుతుంది. కథలోని అసలు మలుపు అదే.

3. పుటల లెక్క

అట్ట కాక 16 పుటల పుస్తకంలో మొదటి పుట శీర్షికకు, చివరిది ప్రచురణ వివరాలకు పోతే, ఎదురెదురు పుటల జతలు 7 మిగులుతాయి. ఎత్తుగడను ఒక జతలో ముగించి, దాని కుడిపుట చివర మొదటి ప్రశ్న ఉంచితే, 7 జవాబులకు 6 జతలే ఉంటాయి. కనుక ఏవో రెండు జవాబులను కలపక తప్పదు. పిల్లలకు వరుస అలవాటైపోయిన ఆవు, కాపరి ఘట్టాలను కలిపితే నడక వేగం పుంజుకుంటుంది. చీమ ఘట్టాన్ని కలిపితే మలుపు దెబ్బతింటుంది.

32 పుటల పుస్తకంలో ప్రమాదం వేరు. చోటు ఎక్కువ ఉన్నది కదా అని కొలువును, వేటను విస్తరిస్తే, మళ్లీ ప్రస్తావనకు రాని విషయాలే సగం పుస్తకాన్ని ఆక్రమిస్తాయి. మిగిలిన చోటును చీమ జవాబుకు ముందు మాటలు లేని బొమ్మకు కేటాయించడం మేలు. మారిస్ సెండాక్ 1963లో ‘వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్’లో కథ పతాకస్థాయికి చేరినచోట వరుసగా మూడు జతల పుటలను మాటలు లేకుండా వదిలాడు.

4. సవరణ

సూర్యాపేట జిల్లా చివ్వెంల వంటి మండలంలోని ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలు ఒకే ప్రతిని తరగతికంతటికీ చూపుతూ చదివే సందర్భాన్ని ఊహిస్తే, పిల్లలకు అక్షరం కంటే ముందు బొమ్మ కనిపిస్తుంది. ప్రశ్న ఉన్న పుటకు ఎదురుగానే జవాబు బొమ్మ ఉంటే, ప్రశ్న వినకముందే తేలిపోతుంది. ఊహించి పలికే అవకాశం పిల్లలకు దక్కదు.

అందువల్ల రచయిత నాలుగు కాగితాలను మధ్యకు మడిచి 16 పుటల నమూనా చేసుకొని, ప్రతి ప్రశ్ననూ కుడిపుట చివరికి చేర్చి, పైకి చదివి చూడాలి. బొమ్మ చెబుతున్న వర్ణనను తొలగించవచ్చు. పిల్లలు గొంతు కలిపే పునరుక్తిని మాత్రం తాకరాదు.

5. ముగింపు

కథాగమనం వాక్యాల పొడవుతో మాత్రమే తేలే విషయం కాదు. ప్రశ్నకూ జవాబుకూ నడుమ పిల్లలకు ఎంత చోటు మిగిలిందన్నదే దానికి కొలమానం. మౌఖిక కథలను బొమ్మల పుస్తకాలుగా మలిచేవారు కథను భద్రపరిస్తే చాలదు, కథకుల మౌనాన్ని కూడా భద్రపరచాలి.