షెడ్డుకెళ్తే బాగానే ఉంటుంది

డాక్టరు గది గుమ్మం తొక్కగానే జ్వరం దిగిపోయే రోగులున్నట్టే, మెకానిక్‌ను చూడగానే రోగం దాచేసే కార్లూ ఉన్నాయి. పాత అంబాసిడర్లు ఈ విద్యలో ఆరితేరినవి. ఏలూరు దాటాక బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. షెడ్డుకు తోలుకెళ్తే మాత్రం గుడిగంటలా మోగుతుంది. ‘‘బాగానే ఉంది కద సార్!’’ అంటాడు మెకానిక్.

విజయవాడలో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారిని ఆయన మార్క్-4 అంబాసిడర్ ఇలాగే ఏడిపించింది. ఒకరు ప్లగ్గులు మార్చారు. ఇంకొకరు పాయింట్లు, మరొకరు కండెన్సర్, చివరికొకరు కాయిల్. సామాన్లన్నీ కొత్తవే, రోగం మాత్రం పాతదే. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయమని దారినపోయే ప్రతివాడూ చెప్పేవాడు. ఆ గుడ్డ ఆరేలోపు బండి ఎలాగూ స్టార్టయ్యేది, పేరు గుడ్డకు దక్కేది.

నిజానికి ఇందులో మాయేమీ లేదు. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల కరెంటు కాయిల్ గుండా వెళ్లి, పాయింట్లు కలిసి ఉన్నప్పుడు ఎర్త్ అవుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం కుప్పకూలి, ప్లగ్గులో నిప్పురవ్వ రాజేసే వేల వోల్టులు పుడతాయి. ఆ దెబ్బకు పాయింట్లు కాలిపోకుండా కండెన్సర్ కాపు కాస్తుంది. పాయింట్ల మధ్య సందు అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను, అంతే. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే అవి సెకనుకు వందసార్లు తెరుచుకోవాలి. వందేళ్లు దాటిన పద్ధతి ఇది. అమెరికా ఇంజినీరు చార్లెస్ కెట్టరింగ్ దీన్ని కాడిలాక్ కార్ల కోసం రూపొందించాడు.

మాస్టారు చివరికి మార్చడం మానేసి రాసుకోవడం మొదలెట్టారు. ఏ టైముకి ఆగింది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, కాలు ఎక్కడుంది అని. మూడుసార్లు చల్లటి పొద్దుటిపూటే ఆగింది. అంటే ఎండ నేరం కాదు, కాయిల్ వేడెక్కడమూ కాదు. ఆగిన ప్రతిసారీ యాక్సిలరేటర్ వదిలిన క్షణమో, గట్టిగా తొక్కిన క్షణమో.

ఒకరోజు బండి ఆగి, మళ్లీ స్టార్టవనని మొండికేసింది. మాస్టారికి అదే పండగ. టెస్ట్ ల్యాంపు ఒక కొస కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే టెర్మినల్‌కు, రెండోది ఎర్త్‌కు తగిలించి సెల్ఫ్ కొట్టించారు. అన్నీ సరిగా ఉంటే దీపం మిణుకుమిణుకుమనాలి. కరెంటే రాకపోతే అసలు వెలగదు. ఇది కదలకుండా వెలుగుతూనే ఉంది. కాయిల్ దాకా కరెంటు వస్తోంది, ఎర్త్ కావడం లేదు.

డిస్ట్రిబ్యూటర్ మూత తీశారు. పాయింట్ల దాకా వచ్చే బెత్తెడైనా లేని వైరు, పైతొడుగు చెక్కుచెదరకుండా ఉంది. రెండు వేళ్లతో లాగితే రబ్బరులా సాగింది. లోపలి రాగి పోగులు ఎప్పుడో తెగిపోయాయి. యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా ఇంజిన్ వ్యాక్యూమ్ పాయింట్ల పళ్లేన్ని కాస్త అటూ ఇటూ తిప్పుతుంది. ఏళ్ల తరబడి ఆ కదలికకు వైరు లోలోపలే విరిగింది. నలుగురు మెకానిక్‌లూ దాని పక్క భాగాలే మార్చారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే, ఆగగానే వైర్లు కదపకండి. ముందు దీపం తగిలించండి. మాస్టారి పాత కాయిల్, పాత కండెన్సర్ ఇప్పటికీ డిక్కీలోనే ఉన్నాయి. రెండూ పనిచేస్తాయి.